ఏరు దాటిన పిదప తెప్ప: బ్రౌజరు ప్లగిన్లు నేటికిని గమనింపదగినవేనా?

"ఏరు దాటి తెప్ప తగులబెట్టినట్లు" అని మన పెద్దలు మేలు మరచినవారిని గూర్చి చెప్పుచుందురు. కంప్యూటరు విద్యయందు ఈ సామెతకు సరిపోవు కథ యొకటి కలదు. సుమారు ఇరువదియైదు సంవత్సరముల కాలము వెబ్ పుటలకు కదలు బొమ్మలను, పాటలను, ఆటలను, ప్రయోగ పాఠములను తెచ్చియిచ్చినవి ప్లగిన్లు. నేడు ప్రసిద్ధములైన బ్రౌజరులన్నియు వానిని విసర్జించినవి. అవి చేయుచుండిన పనులలో చాల భాగమును ఇప్పుడు వెబ్ ప్రమాణములే నిర్వహించుచున్నవి. అట్లయినచో ఆ పాత సాధనములను గూర్చి మన మిక తలంపవలసిన పని యున్నదా? మొదట వస్తువును తెలిసికొని, వాని గుణదోషములను విచారించి, పిదప తీర్పు చెప్పుదము.

1. ప్లగిన్ అనగా నేమి?

వెబ్ పుటను దూరపు కంప్యూటరునుండి తెచ్చి మన కంటికి చూపు సాధనమునకు బ్రౌజరు అని పేరు. 1989వ సంవత్సరమున జెనీవా చెంతనున్న సెర్న్ అను పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను ప్రతిపాదించినప్పుడు, ఆయన యుద్దేశము పత్రములను ఒకదానితో నొకటి ముడివేయుటయే. కావున తొలి బ్రౌజరులకు అక్షరములను చూపుటయు, ఒక పుటనుండి మరియొక పుటకు కొనిపోవుటయు మాత్రమే ముఖ్యమైన పనులు. కొలది కాలమునకు బొమ్మలు చేరెను. కాని పాట పాడుటకు, చలనచిత్రము చూపుటకు బ్రౌజరునకు స్వయముగా శక్తి లేకుండెను.

1996లో వెలువడిన నెట్‌స్కేప్ నావిగేటర్ రెండవ కూర్పు ఈ కొరతకు ఒక యుపాయము చూపెను. ఇతరులు వ్రాసిన చిన్న ప్రోగ్రాములను బ్రౌజరునకు అతికించుకొనుటకు అది వీలు కల్పించెను. అట్లు అతికింపబడినదే ప్లగిన్. దాని పని యిట్లు జరుగును. పుటలో ఒకచోట బ్రౌజరునకు తెలియని జాతి ఫైలు తటస్థించును. "ఈ జాతి ఫైలును చదువగల ప్లగిన్ మన యొద్ద నున్నదా?" అని బ్రౌజరు తన పట్టికలో వెదకును. ఉన్నచో పుటలో ఒక చతురస్రమైన చోటును ఆ ప్లగిన్‌నకు అప్పగించి, ఆ ఫైలును దాని చేతికిచ్చి, తాను ప్రక్కకు తొలగును. ఆ చతురస్రములోపల నేమి జరుగుచున్నదో బ్రౌజరునకు తెలియదు. ఈ యొక్క విషయమును విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను. ప్లగిన్ల మేలును, కీడును గూడ దీనినుండియే పుట్టినవి.

ఇచట నొక భేదమును గుర్తింపవలెను. నేటి బ్రౌజరులలో "ఎక్స్‌టెన్షన్" అను అనుబంధములు గలవు. అవి బ్రౌజరు గీసిన గిరిలోపల, బ్రౌజరు ఇచ్చిన అనుమతుల మేరకు పని చేయును. పాత ప్లగిన్ అట్లు కాదు. అది కంప్యూటరు యంత్రభాషలోనే నడుచు స్వతంత్ర ప్రోగ్రాము.

2. ప్లగిన్లు చేసిన మేలు

వానిలో మిక్కిలి ప్రసిద్ధి గాంచినది ఫ్లాష్. ఇది మొదట ఫ్యూచర్‌స్ప్లాష్ అను పేరున నుండెను. 1996వ సంవత్సరాంతమున మాక్రోమీడియా సంస్థ దానిని కొని, ఫ్లాష్ అని పేరు మార్చెను. 2005లో అడోబీ సంస్థ మాక్రోమీడియాను కొనెను. బొమ్మను చుక్కలుగా గాక గీతల లెక్కలుగా పంపుట ఫ్లాష్ యొక్క నేర్పు. అందుచేత టెలిఫోను తీగలమీద మెల్లగా నడచు నాటి ఇంటర్నెట్టులోగూడ కదలు బొమ్మలు చిన్న ఫైలులలో నిమిడి వచ్చుచుండెను. 2005లో ప్రారంభమైన యూట్యూబ్ తన వీడియోలను ఫ్లాష్ ద్వారానే చూపెను.

సన్ మైక్రోసిస్టమ్స్ వారు 1995లో ప్రకటించిన జావా భాషలో వ్రాసిన యాప్లెట్లు రెండవ తెగ. ఒకమారు వ్రాసిన ప్రోగ్రాము ఏ కంప్యూటరు మీదనైనను నడువవలెనన్నది వాని యాశయము. మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్‌ఎక్స్ 1996లోను, సిల్వర్‌లైట్ 2007లోను వచ్చినవి. రియల్‌ప్లేయరు, క్విక్‌టైము మొదలగునవి పాటలకును వీడియోలకును వాడబడెను.

ఒక విద్యార్థి తన గదిలో గూర్చుండి చిన్న బొమ్మల కథను తయారుచేసి లోకమున కంతకు చూపగలిగిన మొదటి సాధనము ఇంచుమించు ఫ్లాష్ అనియే చెప్పవచ్చును. ఒక తరము చిత్రకారులును, ఆటల రచయితలును దానితోనే అక్షరాభ్యాసము చేసిరి. ఈ మేలు మరువరానిది.

3. అవి యేల తొలగింపబడెను?

కారణములు నాలుగు.

మొదటిది, రక్షణ లోపము. యంత్రభాషలో నడుచు ప్లగిన్‌లో ఒక తప్పు దొరకినచో, దుర్మార్గుడు ఒక వెబ్ పుట ద్వారా ఆ తప్పునుండి జొరబడి, కంప్యూటరులోని ఫైలులను చేజిక్కించుకొనవచ్చును. ఇంటికి బలమైన తలుపు పెట్టి, ప్రక్క గోడకు కన్నము విడిచినట్టి స్థితి యది. 2013 జనవరిలో అమెరికా ప్రభుత్వపు హోంలాండ్ సెక్యూరిటీ శాఖ, బ్రౌజరులలో జావాను నిలిపివేయుడని ప్రజలను హెచ్చరింపవలసి వచ్చెను.

రెండవది, చేతి ఫోను. 2007లో వచ్చిన ఐఫోనులో ఫ్లాష్‌నకు చోటు దొరకలేదు. 2010 ఏప్రిలులో ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ బహిరంగలేఖ ప్రకటించి, అది బ్యాటరీని త్వరగా హరించుననియు, మౌస్ కొరకు పుట్టినదగుటచే వ్రేలి స్పర్శకు తగదనియు, ఒక్క సంస్థ యధీనమున నున్నదనియు వాదించెను. ఆపిల్‌నకును స్వలాభము లేకపోలేదు. ఐనను, 2011 నవంబరులో అడోబీ వారే ఫోను బ్రౌజరుల కొరకు ఫ్లాష్ తయారుచేయుట మానుకొనిరి.

మూడవది, యాజమాన్యము. వెబ్ పుట యొక్క నియమములు అందరికిని తెలిసినవి. ఎవరైనను బ్రౌజరు వ్రాయవచ్చును. ప్లగిన్ మాత్రము ఒక సంస్థ సొత్తు. ఆ సంస్థ "ఇక చాలు" అన్ననాడు దానిమీద నాధారపడిన పుటలన్నియు మూగవోవును.

నాలుగవది, అంధులకు కలిగిన చిక్కు. పుటలోని అక్షరములను చదివి వినిపించు సాధనములు చతురస్రము లోపలికి సులభముగా చూడజాలవు. రచయిత ప్రత్యేకముగా శ్రద్ధ వహించిననే తప్ప, అచటి మాట చూపు లేనివారికి అందకపోయెను. వెదకు యంత్రములకును అదే కష్టము.

ఈ కారణములచేత క్రోమ్ బ్రౌజరు 2015 సెప్టెంబరులోను, ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలోను ఫ్లాష్ తప్ప తక్కిన పాత తరహా ప్లగిన్లకు స్వస్తి చెప్పినవి. 2017 జూలై 25న అడోబీ ఫ్లాష్ ముగింపును ప్రకటించెను. 2020 డిసెంబరు 31తో దాని పోషణ నిలిచెను. 2021 జనవరి 12నుండి ఫ్లాష్ ప్లేయరు తనంతట తానే ఫైలులను నడుపుటకు నిరాకరించెను. సిల్వర్‌లైట్‌నకు 2021 అక్టోబరులో ముగింపు వచ్చెను.

4. ప్రమాణములు ఆ పనిని గైకొనుట

వెబ్ ప్రమాణమనగా వెబ్‌కు సంబంధించినవారు కూడి వ్రాసికొనిన బహిరంగ నియమము. 1994లో బెర్నర్స్-లీ స్థాపించిన డబ్ల్యు3సి అను సంఘమును, 2004లో కొన్ని బ్రౌజరుల తయారీదారులు కలిసి యేర్పరచిన వాట్‌విజి అను సంఘమును వీనిని వ్రాయుటలో ప్రధానములు. 2014 అక్టోబరు 28న హెచ్‌టిఎంఎల్5 డబ్ల్యు3సి ప్రమాణమై వెలసెను. దానితో వీడియో, ధ్వని, చిత్రలేఖనపు పలక అనునవి పుటలోనే స్వాభావికముగా చేరెను. యూట్యూబ్ 2015 జనవరిలో వీడియోల కొరకు హెచ్‌టిఎంఎల్5ను ప్రధానమార్గముగా చేసికొనెను. త్రిమితి చిత్రములకు వెబ్‌జిఎల్, వేగముగా నడువవలసిన ప్రోగ్రాములకు వెబ్‌అసెంబ్లీ వచ్చినవి. వెబ్‌అసెంబ్లీ 2019 డిసెంబరులో డబ్ల్యు3సి ప్రమాణమాయెను.

ఇచట ప్లగిన్లకు చెల్లవలసిన ఋణము కలదు. పుటలో వీడియో నడువవచ్చునని, ఆట ఆడవచ్చునని, ఎదుటివారి ముఖము చూచుచు మాటలాడవచ్చునని లోకమునకు ముందుగా చూపినవి ప్లగిన్లే. ప్రజలు దేనిని కోరుదురో వానివలన తెలిసెను. ఎచ్చట ప్రమాదము గలదో గూడ వానివలననే తెలిసెను. ప్రమాణములు వ్రాసినవారు ఆ రెండు పాఠములను చదివి, పనిని స్వీకరించి, ప్రమాదమును గిరి గీసి యాపిరి. వెబ్‌అసెంబ్లీ యంత్రభాషకు సమీపమైన వేగముతో నడచినను, బ్రౌజరు గిరి దాటి మన ఫైలులను తాకజాలదు.

5. ఆధారపడినవారికి కలిగిన కష్టము

దక్షిణ కొరియా కథ ఇందుకు మంచి నిదర్శనము. 1990వ దశకమున అమెరికా ప్రభుత్వము బలమైన రహస్యలిపి సాధనముల యెగుమతిని నిరోధించి యుండెను. కావున కొరియావారు బ్యాంకు వ్యవహారముల భద్రత కొరకు సీడ్ అను తమ సొంత రహస్యలిపి పద్ధతిని నిర్మించుకొనిరి. ఆనాటి బ్రౌజరులకు అది తెలియదు గనుక దానిని యాక్టివ్‌ఎక్స్ ద్వారా అతికించిరి. ఉద్దేశము మంచిదే. కాని యాక్టివ్‌ఎక్స్ మైక్రోసాఫ్ట్ వారి బ్రౌజరులోనే నడుచును. తత్ఫలితముగా ఆ దేశప్రజలు బ్యాంకు పనికిగాని, ప్రభుత్వపు పనికిగాని ఆ యొక్క బ్రౌజరునే పలు సంవత్సరములు పట్టుకొని యుండవలసి వచ్చెను. ఆ పద్ధతిలోని గుర్తింపు పత్రములకుండిన ప్రత్యేక చట్టబలము 2020 డిసెంబరులోగాని తొలగలేదు.

దక్షిణాఫ్రికాలో పన్నుల శాఖవారి ఫారములు కొన్ని ఫ్లాష్‌లో నుండెను. ముగింపు గడువు మూడు సంవత్సరములు ముందుగనే తెలిసియు పని పూర్తికాలేదు. 2021 జనవరిలో ఆ శాఖవారు ఆ ఫారముల కొరకే ప్రత్యేకముగా ఒక బ్రౌజరును విడుదల చేయవలసి వచ్చెను.

మన దేశమునను పన్ను పత్రములపై డిజిటల్ సంతకము చేయుటకు జావా యాప్లెట్లు వాడుకలో నుండెను. బ్రౌజరులు వానిని విడిచిన పిదప, సంతకపు పనికి వేరుగా ఒక సహాయక ప్రోగ్రామును కంప్యూటరులో పెట్టుకొను పద్ధతి వచ్చెను. పాత ప్లగిన్లమీద నాధారపడిన కార్యాలయములు లోకమున నింకను గలవు. అట్టివారి కొరకే మైక్రోసాఫ్ట్ తన ఎడ్జ్ బ్రౌజరులో పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు రీతిని కనీసము 2029 వరకు ఉంచెదమని మాట యిచ్చియున్నది.

6. పాఠశాలలకు దగ్గరి యుదాహరణము

భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానమును 2001లో పొందిన వారిలో నొకరగు కార్ల్ వైమన్, 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున ఫెట్ అను ప్రణాళికను ప్రారంభించెను. విద్యుత్ వలయములు, లోలకములు, వాయువుల గుణములు మొదలగు ప్రయోగములను కంప్యూటరు తెరమీద బాలురు స్వయముగా చేసి చూచుకొను పాఠములవి, ఉచితముగా లభించును. ప్రయోగశాల లేని బడికి ఇట్టివి గొప్ప వరము. కాని వానిలో పెక్కు మొదట జావాలోను ఫ్లాష్‌లోను వ్రాయబడెను. ప్లగిన్లు పోవుటతో ఆ పాఠములకు ఆపద వచ్చెను. పాఠములోని శాస్త్రము పాతబడలేదు. ఓమ్ సూత్రము మారలేదు. దానిని మోసిన బండి మాత్రము నిలిచిపోయెను. ఫెట్ వారు ఒక్కొక్క పాఠమునే హెచ్‌టిఎంఎల్5లో తిరిగి నిర్మించుచు వచ్చిరి. ధనమును, పనివారును గల విశ్వవిద్యాలయమునకు ఇది సాధ్యమాయెను. ఒంటరిగా పాఠములు తయారుచేసి యుంచిన ఉపాధ్యాయునికి అది సాధ్యమగునా? అట్టివారి శ్రమ యెంత మూలబడెనో యోచింపుడు.

7. తెలుగు లిపికిని ఇదే పాఠము

ప్లగిన్ కాకపోయినను, దానివంటి కష్టమును మన తెలుగు లిపియు ననుభవించెను. ప్రపంచ లిపుల కన్నిటికి సంఖ్యలు కేటాయించు యూనికోడ్ ప్రమాణములో 1991లోనే తెలుగు చేరెను. కాని ఒత్తులు, గుణింతములు సరిగా కూర్చి చూపు శక్తి నాటి కంప్యూటరులకు లేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పితో గౌతమి అను తెలుగు ఫాంటు వచ్చిన పిదపగాని సామాన్యులకు ఆ సౌకర్యము సమీపింపలేదు. అందుచేత తెలుగు వార్తాపత్రికల వెబ్ పుటలు కొన్ని, ఎవరి సొంత ఫాంటును వారు వాడుకొనెను. ఆంగ్లాక్షరముల సంఖ్యల స్థానమున తెలుగు గుర్తులను కూర్చుట ఆ పద్ధతి. ఆ ఫాంటు దించుకొన్నవానికి తెలుగు కనబడును. లేనివానికి అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపు కనబడును. వెదకుటకు వీలులేదు, ఒక పత్రికలోని మాటను మరియొకచోట అతికించినచో చెడిపోవును. ఆ పుటలను యూనికోడ్‌లోనికి మార్చి చదువుటకు పద్మ అను అనుబంధమును ఫైర్‌ఫాక్స్‌లో చాలమంది వాడిరి. నేడు మనము ఫోనులో తెలుగు వ్రాసి, తెలుగులో వెదకి, తెలుగులో జవాబు పొందగలుగుట బహిరంగ ప్రమాణము వలన వచ్చిన భాగ్యము. ఆ సొంత ఫాంటులలో నిలిచిపోయిన వ్రాతలను మార్చి కాపాడుట మాత్రము నేటికిని చేయదగిన సేవయే.

8. తెప్పను కాపాడువారు

ఫ్లాష్ మూతపడకముందే దాని కృతులను భద్రపరుప బూనినవారు బయలుదేరిరి. 2018లో ఫ్లాష్‌పాయింట్ అను ప్రయత్నము ప్రారంభమై, లక్షకు పైబడిన ఆటలను బొమ్మల కథలను సేకరించెను. 2020 నవంబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ అను గ్రంథాలయము ఫ్లాష్ కృతులను చూపనారంభించెను. దీనికి వారు వాడినది రఫుల్ అను ప్రోగ్రాము. ఇది పాత ఫ్లాష్ ఫైలును చదివి, వెబ్‌అసెంబ్లీ ద్వారా నేటి బ్రౌజరులో నడిపించును. పాత ప్లగిన్ చేయుచుండిన పనిని క్రొత్త ప్రమాణమే తన గిరిలోపల నుంచుకొని చేయుచున్నదన్నమాట.

ఇది యెట్లు సాధ్యమాయెను? 2008లో అడోబీ ఫ్లాష్ ఫైలు నిర్మాణ వివరములమీదనున్న నిర్బంధములను తొలగించి, ఎవరైనను దానిని నడుపు ప్రోగ్రాము వ్రాయుటకు అనుమతించెను. వివరములు తెలిసిన తాళమునకు తాళపుచెవి మరల చేయవచ్చును. ఐనను అన్నియు బ్రదుకలేదు. దూరపు సర్వరునుండి సమాచారము తెచ్చుకొనుచుండిన కృతులు, ఆ సర్వరు పోవుటతో సగము ప్రాణముతో మిగిలెను.

9. తీర్పు

పై విచారణవలన మూడు నిర్ణయములు తేలుచున్నవి.

ఒకటి: నిత్యోపయోగ సాధనములుగా పాత ప్లగిన్ల కాలము ముగిసెను. వానిని తిరిగి పెట్టుకొనరాదు. "మీ ఫ్లాష్ ప్లేయరు పాతబడినది, ఇచట నొక్కి క్రొత్తది పెట్టుకొనుడు" అను ప్రకటన యేదైన కనబడినచో అది మోసమని యెరుగుడు. తయారీయే నిలిచిపోయిన వస్తువునకు క్రొత్త కూర్పు ఎక్కడిది? తల్లిదండ్రులును ఇంటి కంప్యూటరు విషయమున ఈ జాగ్రత్త వహింపవలెను.

రెండు: చరిత్రగా అవి గమనింపదగినవి. ఇరువదియైదేండ్ల జనుల కల్పనలును, పాఠములును, పత్రములును వానిలో నిమిడియున్నవి. పాత ఫైలు చేతికి దొరకినచో పనికిరాదని చెరిపివేయకుడు. మూలమును భద్రపరచి, రఫుల్ వంటి సురక్షిత సాధనముతో తెరచి చూడుడు.

మూడు: హెచ్చరికగా అవి నిత్యనూతనములు. ఏలయనగా ప్లగిన్ ప్రశ్న పేరు మార్చుకొని తిరిగి వచ్చుచున్నది. చలనచిత్రములను అనుమతిలేక నకలు చేయకుండ కాపాడుటకై 2017 సెప్టెంబరులో డబ్ల్యు3సి ఒక ప్రమాణమును ఆమోదించెను. ప్రమాణము బహిరంగమే; కాని రహస్యలిపిని విప్పు భాగము ఒక సంస్థ సొత్తుగా, లోపల చూడరానిదిగా మిగిలెను. దీనిని నిరసించి ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అను సంస్థ డబ్ల్యు3సి సభ్యత్వమును విడిచెను. ఏ పక్షము న్యాయమైనదో పెద్ద తరగతుల విద్యార్థులు చర్చింపవచ్చును. చర్చకు కావలసిన జ్ఞానము ప్లగిన్ల చరిత్రయందే యున్నది.

ఇక మన మాచరింపదగిన పద్ధతి యొకటి కలదు. మీరు వ్రాయు వ్యాసమును, గీయు బొమ్మను, ఉపాధ్యాయుడు తయారుచేయు పాఠమును ఏ రూపమున దాచవలెనని యోచించునప్పుడు, "దీనిని తెరచుటకు ఒక్క సంస్థ దయ కావలెనా? లేక నియమము తెలిసిన వా డెవడైనను తెరువగలడా?" అని యడుగుడు. సాదా అక్షరముల ఫైలు, యూనికోడ్ తెలుగు, హెచ్‌టిఎంఎల్, 2008నుండి అంతర్జాతీయ ప్రమాణమైన పిడిఎఫ్ అనునవి ఈ పరీక్షలో నెగ్గును. నేడు బడిలో చేసిన పని, చేసిన బాలుడు పెద్దవాడై తన పిల్లలకు చూపగోరినప్పుడు తెరచుకొనవలెను. ఏరు దాటినవాడు తెప్పనెక్కి కూర్చుండ నక్కరలేదు. దానిని తగులబెట్టవలసిన పనియు లేదు.

విద్యార్థులకు ప్రశ్నలు

1. పుటలోని చతురస్రమును ప్లగిన్‌నకు అప్పగించుటవలన కలిగిన మేలెట్టిది? కీడెట్టిది?
2. ప్లగిన్‌నకును ఎక్స్‌టెన్షన్‌నకును గల భేదమును వివరింపుడు.
3. దక్షిణ కొరియావారి యుద్దేశము మంచిదైనను వారికి చిక్కు ఏల వచ్చెను?
4. ఫ్లాష్ ఫైలు నిర్మాణ వివరములు వెల్లడికాకున్నచో రఫుల్ వ్రాయుటకు ఎట్టి కష్టము కలిగియుండును?
5. మీ యింటి కంప్యూటరులోగాని ఫోనులోగాని ఉన్న ఫైలులలో, ఒక్క సంస్థ సాధనముతోనే తెరచుకొనునవి యెవ్వియో వెదకి పట్టిక వ్రాయుడు.